తాళంచెవులు ఎవరి కొంగున?

కాపురానికి వచ్చిన కోడలికి అత్తగారు తాళాల గుత్తి ఎప్పుడు అప్పగిస్తుందన్నది ఒకప్పుడు మన ఇళ్ళలో చిన్న విషయం కాదు. బీరువా తాళం, బియ్యపు కొట్టు తాళం ఎవరి బొడ్డున వేలాడితే ఇంటి పెత్తనం వారిది. గుత్తి చేతికి రానంతవరకూ ఎంత చాకిరీ చేసినా, ఎన్ని పండుగలు తన చేతిమీదుగా జరిపించినా కోడలు కోడలే.

ఇప్పుడా పాత ముచ్చట ఎందుకంటారా? ఇవాళ మనలో చాలామంది సొంతంగా ఏదో ఒక వ్యాపారం నడుపుతున్నాం. డి.టి.పి. సెంటరు, బొటిక్, పచ్చళ్ళు పొడుల అమ్మకం, ట్యూషన్ సెంటరు, బ్యూటీ పార్లరు, చిన్న స్కూలు, ఇంట్లోనే చీరల వ్యాపారం - ఏదైనా కావచ్చు. ఏ వ్యాపారమైనా బల్లమీద ఒక కంప్యూటరో, చేతిలో ఒక ఫోనో తప్పనిసరి అయిపోయింది. లెక్కలు, బాకీలు, బిల్లులు, జి.ఎస్.టి. కాగితాలు, ఖాతాదారుల పేర్లు, డిజైన్లు అన్నీ అందులోనే. అంటే బీరువా మారింది. మరి దాని తాళం ఎవరి దగ్గరుంది?

'నా దగ్గరే, పాస్‌వర్డు నాకు తెలుసుగా!' అని తొందరపడి అనేయకండి. పాస్‌వర్డు గది తలుపుకు వేసిన తాళం. లోపలి బీరువా తాళం వేరే ఉంది. మీరు లెక్కలు రాసుకునే ప్రోగ్రాము ఎవరి సొత్తు? రేపు వాళ్ళు ధర పెంచినా, అమ్మడం మానేసినా, ఏకంగా కంపెనీయే మూసేసినా మీ లెక్కలు మీకు ఏ రూపంలో చేతికొస్తాయి? అసలు వస్తాయా? అదీ రెండో తాళం. ఈ ప్రశ్న వేసుకోకపోతే పెద్ద కంపెనీలకు పెద్దగా పోయేదేం లేదు, వాళ్ళకు లాయర్లున్నారు, కంప్యూటరు ఇంజనీర్లున్నారు. చిన్న పెట్టుబడితో, ఒంటి చేత్తో బండి లాగేవాళ్ళకే నష్టం. అందుకే ఈ వారం ఈ సంగతి కాస్త వివరంగా మాట్లాడుకుందాం.

చుక్కల లెక్క చెప్పే ముగ్గు

సాఫ్ట్‌వేరులో రెండు రకాలున్నాయి. ఒకటి కంపెనీల సొత్తు. దాన్ని ప్రొప్రయిటరీ సాఫ్ట్‌వేరు అంటారు. మనం డబ్బు కట్టి కొన్నా నిజానికి కొనేది దాన్ని వాడుకునే అనుమతినే. రెండోది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. ఈ రెంటికీ తేడా తెలియాలంటే ఇంజనీరింగ్ చదవక్కర్లేదు, ముగ్గు వేయడం వస్తే చాలు.

ధనుర్మాసంలో పత్రికల్లో వచ్చే ముగ్గులు చూస్తుంటాం కదా. బొమ్మ కిందే '15 చుక్కలు, 8 వరకు సందుచుక్క' అని ఒక ముక్క ఉంటుంది. ఎదురింటి వాకిట్లో ముగ్గు చూసి ముచ్చటపడటం ఒకటి, దాని చుక్కల లెక్క తెలియడం ఇంకొకటి. లెక్క తెలిస్తే మన వాకిలి ఎంతుంటే అంతకు తగ్గించుకోవచ్చు. నెమలి ఉన్నచోట చిలకను పెట్టుకోవచ్చు. పిన్నిగారి అమ్మాయికి నేర్పొచ్చు. ఎవరి పుస్తకంలోకి వాళ్ళు దించుకుంటూ, తలా ఒక మెలిక కలుపుతూ పోబట్టే మన ముగ్గులు ఇన్ని వందల రకాలయ్యాయి.

సాఫ్ట్‌వేరుకు కూడా ఇలాంటి చుక్కల లెక్క ఉంటుంది. దాన్ని సోర్సు కోడు అంటారు. కంపెనీ సొత్తయిన సాఫ్ట్‌వేరులో ఆ లెక్క మనకు చెప్పరు. ముగ్గు మాత్రం వేసిపెడతారు. అందులో ఒక గీత వంకరగా ఉన్నా మనం ముట్టుకోకూడదు, వాళ్ళు వచ్చి దిద్దేదాకా ఆగాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో నాలుగు హక్కులు మనవి - ఏ పనికైనా వాడుకోవడం, లోపల ఏముందో చూసి మార్చుకోవడం, కాపీలు నలుగురికీ పంచడం, మనం మార్చినదాన్ని కూడా పంచడం.

ఇంగ్లీషులో దీన్ని 'ఫ్రీ సాఫ్ట్‌వేర్' అన్నారు. ఆ ఒక్క మాటతో వచ్చిన తంటా అంతా ఇంతా కాదు. ఫ్రీ అంటే డబ్బులివ్వక్కర్లేనిది అని కూడా అర్థం కదా! మన తెలుగులో ఆ ఇబ్బంది లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. సబ్బుకొంటే ఇచ్చే స్టీలు చెంచా ఉచితం. మన జీతం మన చేతికి రావడం స్వేచ్ఛ. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు చాలావరకు డబ్బు లేకుండానే దొరుకుతుంది, నిజమే. కానీ దాని అసలు విలువ అది కాదు.

ఒక ప్రింటరు రేపిన గొడవ

కంప్యూటర్లు పుట్టిన కొత్తలో ప్రోగ్రాములకు విడిగా ధర ఉండేది కాదు. యంత్రం కొంటే దానితోపాటే వచ్చేవి, ఇంజనీర్లు ఒకరివొకరు తీసుకుని దిద్దుకునేవారు. మెల్లగా ప్రోగ్రాములే అమ్ముకునే కంపెనీలు వచ్చాయి. 1976 ఫిబ్రవరిలో బిల్ గేట్స్ అనే ఇరవై ఏళ్ళ కుర్రాడు కంప్యూటరు ప్రియులందరికీ ఒక బహిరంగ లేఖ రాశాడు. తాము రాసిన బేసిక్ ప్రోగ్రామును ఎక్కువమంది డబ్బు కట్టకుండా కాపీ చేసుకుంటున్నారని, ఇలాగైతే మంచి ప్రోగ్రాములు ఎవరు రాస్తారని అందులో నిలదీశాడు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. పని చేసినవాడికి కూలి దక్కాలి కదా!

మరో నాలుగేళ్ళకు, 1980 ప్రాంతంలో, అమెరికాలోని ఎం.ఐ.టి. ప్రయోగశాలకు జిరాక్స్ కంపెనీ కొత్త లేజర్ ప్రింటరు ఒకటి ఇచ్చింది. అందులో తరచు కాగితం ఇరుక్కునేది. అక్కడ పనిచేసే రిచర్డ్ స్టాల్‌మన్ పాత ప్రింటరుకు ఒక చిట్కా చేసి ఉన్నాడు. కాగితం ఇరుక్కుంటే ఆ సంగతి అందరి కంప్యూటర్ల మీదా కనబడేలా ప్రోగ్రాము మార్చాడు. కొత్తదానికీ అదే చేద్దామంటే దాని సోర్సు కోడు ఇవ్వలేదు. అది ఉన్న ఒక ప్రొఫెసర్‌ని అడిగితే, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి సంతకం పెట్టానన్నాడు. యంత్రం మన గదిలోనే ఉంది, జబ్బు ఏమిటో తెలుసు, మందూ తెలుసు, అయినా వైద్యం చేయకూడదు! ఆ కోపమే 1983 లో 'గ్నూ' పేరుతో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమమైంది. 1985 లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఏర్పడింది. 1989 లో జి.పి.ఎల్. అనే లైసెన్సు తయారైంది. దీన్ని నోముల్లో ఇచ్చే వాయనంతో పోల్చవచ్చు. పుచ్చుకున్న ఆవిడ రేపు తన నోముకు తానూ ఇచ్చే మనిషే. జి.పి.ఎల్. సాఫ్ట్‌వేరు తీసుకుని, మార్చి, ఇంకొకరికి ఇచ్చేవాళ్ళు తమకు దొరికిన స్వేచ్ఛనంతా వాళ్ళకూ ఇచ్చి తీరాలి. మధ్యలో ఎవరూ తాళం వేసుకోవడానికి వీల్లేదు.

1991 లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ విద్యార్థి లినక్స్ అనే ప్రోగ్రాము రాసి, మరుసటి ఏడు దాన్ని ఇదే లైసెన్సు కింద పెట్టాడు. 'ఊరికే వచ్చేదానికి విలువేముంటుంది లెండి' అనేవారికి ఒక్క మాట. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనుకు గుండెకాయ లినక్సే. 2017 చివరినుంచి ప్రపంచంలోని అతి వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో ఉన్నవన్నీ లినక్స్ మీద నడిచేవే. దానికి సేవలందించి డబ్బు సంపాదించే రెడ్ హ్యాట్ కంపెనీని ఐ.బి.ఎం. 2019 లో దాదాపు 3400 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. కాబట్టి స్వేచ్ఛ ఉన్నచోట వ్యాపారం ఉండదనుకోవడం పొరపాటు.

డి.టి.పి. సెంటర్ల కథ

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అనుకుంటున్నారేమో. మన తెలుగు ఊళ్ళలోనే, మనవాళ్ళ కడుపుమీద కొట్టిన ఉదాహరణ ఒకటి ఉంది.

తొంభైలలో ఊరూరా డి.టి.పి. సెంటర్లు వెలిశాయి. ఇల్లు కదలకుండా చేసుకోదగ్గ పని అని ఎందరో ఆడపిల్లలు, గృహిణులు నేర్చుకున్నారు. పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, పరీక్ష పేపర్లు, కథల పుస్తకాలు అన్నీ వాళ్ళ వేళ్ళమీదుగానే అచ్చుకెళ్ళాయి. ఆ పనికి వాడింది పేజ్‌మేకర్. 1985 లో ఆల్డస్ అనే కంపెనీ దాన్ని తెచ్చింది. 1994 లో ఆ కంపెనీని అడోబీ కొనేసింది. 2001 లో వచ్చిన 7.0 తో పేజ్‌మేకర్ ఆగిపోయింది. ఎవరి కారణాలు వారివి, కంపెనీకి ఇంకో సరుకు అమ్ముకోవాలని ఉంది. కానీ ఏళ్ళ తరబడి చేసిన ఫైళ్ళు ఇక్కడ కట్టలు కట్టలుగా ఉన్నాయే! కొత్త కంప్యూటరు కొంటే పాత పేజ్‌మేకర్ సరిగా ఎక్కదు. అందుకని దానికోసమే మూల ఒక పాత కంప్యూటరును బతికించుకుంటూ వచ్చిన సెంటర్లు ఎన్నో.

పైగా 2013 లో అడోబీ తన డిజైన్ ప్రోగ్రాముల కొత్త రకాలను ఇకనుంచి చందా మీదే ఇస్తానంది. అంటే సొంత ఇల్లు కాస్తా అద్దె ఇల్లయింది. నెలనెలా కట్టాలి. సీజను బాగుండి ముహూర్తాలు ఉన్న నెలలో సరే, ఆషాఢంలో, శూన్యమాసంలో శుభలేఖల పని లేకపోయినా అద్దె ఆగదు. కట్టడం ఆపితే మనం తయారుచేసిన ఫైలును మనమే తెరిచి దిద్దుకోలేని పరిస్థితి.

రెండో దెబ్బ అక్షరాల దగ్గర. ఆ రోజుల్లో ఒక్కో కంపెనీ ఫాంటుకు ఒక్కో లెక్క. ఇంగ్లీషు అక్షరాలు కూర్చునే గళ్ళలో తెలుగు ముక్కలు పెట్టి, తెరమీద తెలుగులా కనిపించేట్టు చేశారు. కంటికి తెలుగే, కంప్యూటరుకు మాత్రం అర్థంలేని గుర్తులు. ఫాంటు మార్చితే అంతా గజిబిజి. నిజానికి 1991 లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు అక్షరాలకు అందరికీ ఒకటే అయిన లెక్క ఉంది. ఆ లెక్క మనదాకా వచ్చి స్థిరపడేలోపు మన ప్రెస్సులు ఎన్నో పుస్తకాలు పాత పద్ధతిలోనే కంపోజు చేసేశాయి. ఇవాళ వాటిని ఫోనులో చదివించాలన్నా, ఇంటర్‌నెట్‌లో పెట్టాలన్నా, అందులో ఒక మాట వెతకాలన్నా ముందు మార్పిడి చేయాలి, ఆ మార్పిడిలో ఎగిరిపోయిన ఒత్తులు, పొల్లులు మళ్ళీ కళ్ళు పోయేలా దిద్దాలి. ఒక తరం ఆడవాళ్ళ కష్టం అలా తాళం పెట్టెలో పడి ఉంది.

మరి తాళం తీసిందెవరు? పేజ్‌మేకర్ ఫైళ్ళను తెరిచే ఏర్పాటు 2015 నుంచి లిబ్రే ఆఫీస్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో ఉంది. అన్ని ఫైళ్ళూ పొల్లుపోకుండా వస్తాయని చెప్పలేం గానీ, సొంత కంపెనీ వదిలేసిన ఫైళ్ళను పట్టించుకున్నది ఊళ్ళూ పేర్లూ తెలియని స్వచ్ఛంద ప్రోగ్రామర్లు. యూనికోడ్‌లో రాయడానికి పోతన ఫాంటును దేశికాచారిగారు అందరికీ ఉచితంగా ఇచ్చారు. తర్వాత మండలి, రామరాజ, గిడుగు, సూరన్న, పెద్దన లాంటి అందమైన ఫాంట్లు ఎవరైనా వాడుకునే, మార్చుకునే లైసెన్సుతో వచ్చాయి. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో మెనూలు కనిపించే లినక్స్‌ను తయారుచేసింది. మన భాషకు మార్కెట్టు ఉందా లేదా అని లెక్కలు వేసుకునే అవసరం వీళ్ళకు లేదు. సోర్సు కోడు చేతిలో ఉంది కాబట్టి కావలసినవాళ్ళు కూర్చుని తెలుగు చేసుకున్నారు.

రెండోవైపు కూడా చూడాలి

అంతమాత్రాన కంపెనీల సాఫ్ట్‌వేరంతా చెడ్డదని తీర్పు చెప్పేయడం న్యాయం కాదు. ట్యాలీ సంగతే తీసుకోండి. 1986 లో గోయెంకా కుటుంబం మొదలుపెట్టిన బెంగళూరు కంపెనీ అది. మన చిన్న వ్యాపారుల పద్దులు ఎలా ఉంటాయో తెలిసినవాళ్ళు తయారుచేసింది. మన ఆడిటరుకు అదే అలవాటు. బి.కాం. చదివిన అమ్మాయి నాలుగు నెలలు ట్యాలీ నేర్చుకుంటే కొట్లోనో ఆఫీసులోనో అకౌంటెంటు ఉద్యోగం వెతుక్కోవచ్చు. పన్నుల నిబంధన మారితే దానికి తగ్గట్టు మార్పు వాళ్ళే పంపుతారు. ఇలాంటివి మన పనికి సరిపోయి, ధర మనకు గిట్టుబాటయితే కొనుక్కోవడంలో తప్పేం లేదు. కానీ కొనేముందు 'నా పద్దులన్నీ ఎక్సెల్ లాంటి మామూలు రూపంలో బయటికి తీసుకోగలనా?' అని అడిగి, తీసి చూపించమని, అప్పుడు కొనండి.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కూడా మంత్రదండం కాదు. జర్మనీలో మ్యూనిక్ నగరపాలక సంస్థ తన కంప్యూటర్లను లినక్స్‌కు మార్చాలని 2003 లో నిర్ణయించింది. పదేళ్ళు కష్టపడి సుమారు 15 వేల కంప్యూటర్లను మార్చింది. తీరా 2017 లో మళ్ళీ విండోస్‌కే పోదామని నగర సభ తీర్మానించింది. బయటి ఆఫీసులు పంపే ఫైళ్ళు సరిగా తెరుచుకోవడం లేదని సిబ్బంది ఫిర్యాదులు, పైన రాజకీయాలు, అన్నీ కలిశాయి. అదే మన పక్కనున్న కేరళ చూడండి. 2001 లో 'ఐ.టి. ఎట్ స్కూల్' పథకం మొదలుపెట్టి, కొద్ది ఏళ్ళలోనే ప్రభుత్వ పాఠశాలల కంప్యూటర్లను లినక్స్‌కు మార్చారు. ఇవాళ్టికీ అక్కడి పిల్లలు దానిమీదే నేర్చుకుంటున్నారు. తేడా ఎక్కడుంది? కేరళలో ముందు టీచర్లకు నేర్పారు. ఊరూరా ఒక తెలిసిన మనిషిని తయారుచేసుకున్నారు. సాఫ్ట్‌వేరు ఉచితంగా రావచ్చు, నేర్చుకోవడం ఉచితంగా రాదు. దానికి టైమూ, ఓపికా పెట్టుబడి పెట్టాలి. ఆ పెట్టుబడి లెక్కలో వేసుకోకుండా దిగితే, మ్యూనిక్‌లో అయినా మన మెయిన్ బజార్లో అయినా జరిగేది ఒకటే.

సోర్సు కోడు అందరికీ కనిపిస్తుంది కాబట్టి తప్పులే ఉండవని కూడా అనుకోవద్దు. ఇంటర్‌నెట్ భద్రతకు ఎన్నో కంపెనీలు వాడే ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అనే స్వేచ్ఛా ప్రోగ్రాములో 2014 లో పెద్ద లోపం ఒకటి బయటపడింది. రెండేళ్ళపాటు దాన్ని ఎవరూ గమనించలేదు. అందరూ చూడొచ్చు అంటే ఎవరో ఒకరు చూశారని కాదు! మన డ్వాక్రా సంఘాల్లో పుస్తకాలు సభ్యులందరి ముందూ తెరిచి చదవాలన్న నియమం ఉంటుంది. చదివేటప్పుడు వినేవాళ్ళు కూడా ఉంటేనే ఆ నియమానికి విలువ. కాకపోతే పుస్తకం తెరిచి ఉన్న సంఘంలో తప్పు పట్టుకునే వీలన్నా ఉంటుంది. మూసి ఉన్నచోట రాసినవాళ్ళ మాటే వేదం.

అడుసు తొక్కనేల?

ఇక మనం మాట్లాడుకోవడానికి మొహమాటపడే విషయం ఒకటుంది. కంప్యూటరు అమ్మిన షాపు కుర్రాడు 'మేడమ్, విండోస్, ఆఫీసు, ఫోటోషాప్ అన్నీ వేసిచ్చేశా, ఏమీ ఇవ్వక్కర్లేదు' అంటాడు. మనం సంతోషించి కాఫీ ఇచ్చి పంపిస్తాం. అవి చాలాసార్లు దొంగ కాపీలు. ఇంట్లో పిల్లల ఆటకు వాడినా తప్పు తప్పే, వ్యాపారానికి వాడితే శిక్ష ఇంకా గట్టిది. కాపీరైట్ చట్టంలోని 63-బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసి కంప్యూటరులో వాడితే ఏడు రోజులనుంచి మూడేళ్ళదాకా జైలు, 50 వేలనుంచి 2 లక్షల రూపాయలదాకా జరిమానా. వ్యాపారం కోసం కాదని రుజువైతేనే కోర్టు జైలు లేకుండా వదిలే వీలుంది. షాపు మనది, బోర్డు మీద పేరు మనది, కేసు వస్తే నిలబడాల్సిందీ మనమే. కుర్రాడు ఫోను కూడా ఎత్తడు.

చట్టం మాట అలా ఉంచినా, దొంగ కాపీతో వేరే చిక్కుంది. అది బయటపడుతుందన్న భయంతో చాలామంది అప్‌డేట్లు ఆపేస్తారు. 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచాన్ని వణికించింది. కంప్యూటరులోని ఫైళ్ళకు తాళం వేసి, డబ్బిస్తేనే తీస్తానంది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. విండోస్‌లోని ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే, మరమ్మతు విడుదల చేసింది. వేసుకోనివాళ్ళు దొరికిపోయారు. ఇప్పుడు విండోస్ 10 సంగతి కూడా అంతే. దానికి మామూలుగా వచ్చే మరమ్మతులు 2025 అక్టోబరు 14 తో ఆగిపోయాయి. విండోస్ 11 ఎక్కాలంటే కొన్ని పాత కంప్యూటర్లకు ఆ యోగ్యత లేదు. నిక్షేపంలా పనిచేసే యంత్రాన్ని పాతసామాన్లవాడికి వేసి, అప్పుచేసి కొత్తది కొనాలా? అలాంటి పాత యంత్రాలమీద ఉబుంటు, మింట్ లాంటి లినక్స్ రకాలు హాయిగా నడుస్తాయి. దొంగతనంగా వాడటం, లేదా తలకు మించి ఖర్చు పెట్టడం - మన ముందున్నవి ఈ రెండు దారులే కాదని తెలుసుకోవడం ముఖ్యం.

డబ్బు అడగనివన్నీ స్వేచ్ఛావి కావు

ఇక్కడే ఇంకో మాట. వాట్సాప్ బిజినెస్ 2018 లో వచ్చింది. పైసా తీసుకోదు. ఇంట్లో కూర్చుని చీరలు, నగలు, పచ్చళ్ళు అమ్మే ఎందరికో అదే కొట్టు, అదే గల్లాపెట్టె. కాదనలేం, మేలు చేసింది. కానీ అది ఉచితమే తప్ప స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కాదు. ఆ కొట్టు స్థలం వాళ్ళది. నియమాలు వాళ్ళవి. ఏ కారణం చేతనో ఖాతా నిలిపివేస్తే, మూడేళ్ళుగా కూడబెట్టుకున్న ఖాతాదారులు, ఎవరు ఏ సైజు అడిగారో, ఎవరు ఎంత బాకీయో ఆ సంభాషణలన్నీ ఒక్కపూటలో అందకుండా పోతాయి. వాట్సాప్ మానేయమని కాదు. రోజూ రాత్రి గల్లా లెక్క చూసుకునేటప్పుడు కొత్త ఖాతాదారుల పేరు, నంబరు, బాకీ మన సొంత ఫైలులోకి, కనీసం నోటుపుస్తకంలోకి ఎక్కించుకోవాలి. అద్దె కొట్టులో వ్యాపారం చేయొచ్చు, ఖాతా పుస్తకం మాత్రం ఇంటికి తెచ్చుకోవాలి.

మనం చేయగలిగినవి

ఒకేసారి అన్నీ మార్చేయాలని చూడకండి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. మొదట ఇప్పుడున్న విండోస్ మీదే లిబ్రే ఆఫీస్ వేసుకుని చూడండి. ఉత్తరాలు, కొటేషన్లు, లెక్కల పట్టికలు అందులో చేసుకోవచ్చు. ఫోటోలు దిద్దడానికి గింప్, బొమ్మలు, లోగోలు గీయడానికి ఇంక్‌స్కేప్, పుస్తకాలు, కరపత్రాలు పేజీలు కట్టడానికి స్క్రైబస్ ఉన్నాయి. స్క్రైబస్ పాత రకాల్లో తెలుగు ఒత్తులు కుదురుగా పడేవి కావు, అందుకని 1.6 గానీ ఆ తర్వాతిది గానీ వేసుకోండి. చిన్న లెక్కలకు గ్నూక్యాష్, కాస్త పెద్ద వ్యాపారానికి ముంబైలో పుట్టిన ఇ.ఆర్.పి. నెక్స్ట్ ఉన్నాయి. మీది కంపెనీగా రిజిస్టరయిన వ్యాపారమైతే, 2023 ఏప్రిల్ 1 నుంచి పద్దులో చేసిన ప్రతి మార్పూ చెరిగిపోకుండా నమోదయ్యే సాఫ్ట్‌వేరే వాడాలన్న నిబంధన ఉంది. ఏది ఎంచుకున్నా ముందుగా మీ ఆడిటరుతో ఒక మాట అనుకోండి.

ఒక పని బాగా అలవాటయ్యాకే రెండోది. ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలుంటే కూర్చోబెట్టి చేయించండి, వాళ్ళకూ పనికొస్తుంది. ఈ రంగంలో ఆడవాళ్ళు తక్కువగా ఉన్నారని గ్నోమ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు బృందం 2006 లో మొదలుపెట్టిన ప్రయత్నం తర్వాత ఔట్రీచీ అనే పథకమైంది. ఇంట్లోనుంచే, స్టైపెండు తీసుకుంటూ మూడు నెలలు అసలైన ప్రాజెక్టుల్లో పని నేర్చుకునే అవకాశం అది. మన దేశపు అమ్మాయిలు చాలామంది అందులో ఎంపికయ్యారు. సోర్సు కోడు చూసే హక్కు అంటే మన పిల్లలకు అదొక చదువు కూడా.

చివరగా అన్నిటికంటే ముఖ్యమైనది. మన షాపు కంప్యూటరు పాస్‌వర్డు తమ్ముడికో, ఆయనకో, సర్వీసు కుర్రాడికో మాత్రమే తెలిసి ఉండటం చాలాచోట్ల చూస్తుంటాం. 'నాకు ఇవన్నీ తెలియవండీ, ఆయనే చూసుకుంటారు' అనడం మనకు అలవాటైపోయింది. వంద రకాల చీరల ధరలు, ఏ ఇంటి బాకీ ఎంతో నోటికి చెప్పగలిగే మనిషికి ఇది తెలియకపోవడమేమిటి? స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వేసుకున్నా ఈ అలవాటు మానుకోకపోతే ఫలం లేదు. తాళం కంపెనీ చేతిలోంచి తమ్ముడి చేతిలోకి మారుతుంది, అంతే.

ఈ ఆదివారం మధ్యాహ్నం ఒక గంట దీనికి కేటాయించండి. మీరు వాడే ప్రోగ్రాముల పేర్లన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కోదాని ఎదుట మూడు ప్రశ్నలకు జవాబు రాయండి - దీనికి లైసెన్సు ఉందా? ఇది రేపు ఆగిపోతే నా లెక్కలు ఇంకోదాంట్లో తెరుచుకుంటాయా? దీని పాస్‌వర్డు, బ్యాకప్ నా దగ్గర ఉన్నాయా? జవాబు 'లేదు' అన్నచోటల్లా ఒక గుర్తు పెట్టండి. వచ్చే నెలలో ఆ గుర్తుల్లో ఒక్కటి తగ్గినా, వ్యాపారంలో మీ పెత్తనం ఆ మేరకు పెరిగినట్టే.